జనగామ కుండ, మచిలీపట్నం కుండ

మండువేసవిలో జనగామ నుంచి హనుమకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి దాకా బొగ్గు లారీల దుమ్ములో పోయేవాళ్లు చలివేంద్రం కనబడితే బండి ఆపాల్సిందే. మహబూబాబాద్ పాఠకుడొకరు అడిగారు: "మా దగ్గర 43 డిగ్రీల ఎండలోనూ మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి. మచిలీపట్నంలో మా చెల్లెలింట్లో అంత ఎండ లేదు, కుండా కొత్తదే. అయినా నీళ్లు చల్లబడవెందుకు?" ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే.

మొదటి సగం బడిలో చదివిందే. కుండ గోడలోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని కుండలోంచే లాక్కుంటుంది. గ్రాము నీటికి సుమారు 580 కెలోరీలు. బయటి వేడి లోపలికి రాదనుకుంటే, పది లీటర్ల నీళ్లను 12 డిగ్రీలు చల్లార్చడానికి గ్లాసెడు నీళ్లు ఆవిరైతే చాలు.

మరి అలా ఆవిరవుతూ పోతే నీళ్లు గడ్డకట్టాలి కదా? కట్టవు. కుండ చల్లబడే కొద్దీ చుట్టూ ఉన్న వేడిగాలి దానిలోకి మరింత వేడిని తోస్తుంది. చల్లబడ్డ చెమ్మ ఆవిరవడం మందగిస్తుంది. పోయే వేడి, వచ్చే వేడి సమానమయ్యాక ఆవిరి లేస్తూనే ఉంటుంది, చల్లబడటం మాత్రం ఆగిపోతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసిరితే కనిపించే అంకె దాదాపు ఇదే. తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. కుండ దానికి దగ్గరగా వెళ్లగలదు, దాటి కిందికి పోలేదు.

ఆ అంకెను తేల్చేది ఎండ ఒక్కటే కాదు, గాలిలో తేమ కూడా. జనగామలో 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే హద్దు దాదాపు 25. మచిలీపట్నంలో 36 డిగ్రీలే అయినా తేమ 65 శాతం ఉంటే హద్దు 30. ఎండ ఏడు డిగ్రీలు తక్కువున్న ఊళ్లో నీళ్లు ఐదు డిగ్రీలు వెచ్చన! గాలి వీచినా హద్దు పెద్దగా మారదు, కుండ అక్కడికి త్వరగా చేరుతుందంతే. రాజస్థాన్ ఎడారి దారుల్లో లారీలకు కాన్వాసు నీళ్లసంచి వేలాడదీసేది ఇందుకే.

ఆవిరి మహిమ తెలిశాక అన్నిటికీ దాన్నే కారణం చేసినవాళ్లూ ఉన్నారు. అలహాబాదులో చలికాలపు రాత్రులు మట్టిపళ్లేల్లో మంచు తయారుచేసే పద్ధతిని బ్రిటిష్ సైన్యాధికారి రాబర్ట్ బార్కర్ 1775లో వర్ణించాడు. అది ఆవిరి వల్లేనని చాలామంది నమ్మారు. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో ఆ నమ్మకాన్ని కొట్టిపడేశాడు. ఆవిరి వల్లే అయితే గాలి వీచిన రాత్రి మంచు ఎక్కువ కట్టాలి. కట్టేది మాత్రం గాలి లేని, మబ్బు లేని రాత్రే. పళ్లేల్లోని వేడి నేరుగా ఆకాశంలోకి పోతోందన్నమాట.

ఇక ఉపయోగమా? ఈ మధ్య చలివేంద్రాల్లో కుండలకు దాత పేరు కనబడేలా నిగనిగలాడే పెయింటు పూస్తున్నారు. పెయింటు పడ్డచోట చెమ్మ ఊరదు. కొన్నిచోట్ల కుండలు మాయమై ప్లాస్టిక్ క్యాన్లే మిగిలాయి. దాతలారా, పేరు బ్యానర్ మీద రాయించుకోండి, కుండను నీడలో, గాలి తగిలేచోట, ఒట్టి మట్టితోనే ఉండనివ్వండి.