చచ్చిన లోకి మళ్లీ ఎట్లా వచ్చాడు?

పోయిన దసరా సెలవులకు కల్వకుర్తి పోయినప్పుడు ఫోన్‌లో 'లోకి' సిరీస్ పెట్టుకుని కూర్చున్నా. తెలుగు డబ్బింగ్. పక్కన బియ్యం ఏరుతున్న నానమ్మ కాసేపు చూసి, "గీ కొమ్ములోడు నిన్ననే సచ్చిండు గదరా, మల్లెట్ల లేసిండు?" అన్నది. ముందురోజు ఆమెకు 'ఇన్ఫినిటీ వార్' చూపించింది నేనే. "మల్టీవర్స్ నానమ్మా" అన్నా. ఆ తర్వాత నోట్లోంచి ఒక్క తెలుగు మాట రాలేదు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం కదా! ఆరోజు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పడానికి ట్రై చేస్తున్నా.

మామూలు నవలకు రచయిత ఒక్కడే ఉంటాడు, కథకు ముగింపు ఉంటుంది. కామిక్ హీరోల సంగతి వేరు. సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు, ఇప్పటికీ కొత్త కథలు వస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎంతమంది రాశారో! ఒకరు చంపితే ఇంకొకరు బతికిస్తారు. ఒకరు రాసినదానికీ ఇంకొకరు రాసినదానికీ పొంతన ఉండదు. 1961లో డీసీ వాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. కొత్త ఫ్లాష్ బ్యారీ అలెన్ వేరే భూమికి వెళ్లి పాత ఫ్లాష్ జే గారిక్‌ను కలుస్తాడు. అంటే ఇద్దరి కథలూ నిజమే, కాకపోతే లోకాలు వేరు. అట్లా లోకాలు పెరిగి పెరిగి గజిబిజి అయ్యాక, 1985-86లో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' రాసి అన్నిటినీ ఒక్కటిగా కలిపేశారు. అదే కథను 2019-20లో 'ఆరో', 'ఫ్లాష్', 'సూపర్‌గర్ల్' లాంటి సిరీస్‌లన్నీ కలిసి టీవీలో చూపించాయి.

మనకైతే గిట్ తెలుసు కాబట్టి ఇది ఈజీ. మెయిన్ బ్రాంచ్‌లో లోకిని థానోస్ చంపేశాడు. 'ఎండ్‌గేమ్'లో హీరోలు 2012కి వెళ్లినప్పుడు అక్కడి లోకి టెస్సరాక్ట్ పట్టుకుని పారిపోయాడు. అక్కడ కొత్త బ్రాంచ్ మొదలైంది. సిరీస్‌లో ఉన్నది ఈ లోకి. టీవీఏ వాళ్లు ఇట్లాంటి బ్రాంచ్‌లను 'ప్రూన్' చేస్తుంటారు. గిట్‌లో కూడా ఆ పేరుతో ఒక కమాండ్ ఉంది, చూడండి!

కామిక్ సిరీస్‌గా మారేటప్పుడు కూడా కొత్త బ్రాంచే మొదలవుతుంది. 1977లో మొదలైన టీవీ హల్క్‌లో బ్రూస్ బ్యానర్ కాస్తా డేవిడ్ బ్యానర్ అయ్యాడు. 'వాకింగ్ డెడ్'లో అందరికీ నచ్చిన డారిల్ అసలు కామిక్‌లోనే లేడు, టీవీ కోసం పుట్టించారు. మన దగ్గర రూటు రివర్స్. సినిమా ముందు, సిరీస్ తర్వాత. 'బాహుబలి' సినిమా 2015లో వస్తే యానిమేషన్ సిరీస్‌లు 2017లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి.

ఇదంతా నాకొచ్చిన తెలుగులో చెప్తే నానమ్మ తేల్చేసింది: "గంతేనా! శశిరేఖ పెండ్లి లెక్క." నిజమే! వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. మనవాళ్లు కలిపిన బ్రాంచ్ అది. 1957లో 'మాయాబజార్' వచ్చాక అదే మెయిన్ అనుకునేంతగా కలిసిపోయింది.

'ద బాయ్స్' కథ కూడా చెప్పా. సూపర్‌హీరోలు ఒక కంపెనీ ఉద్యోగులైతే, జనం వాళ్లను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూపించే సిరీస్ అది. ఆమె నవ్వింది. 'మాయాబజార్'లో కృష్ణుడు ఎన్టీఆర్ 1989లో మా కల్వకుర్తిలో పోటీ చేసి ఓడిపోయారు. "సిన్మల దేవుడే. ఓటు ఓటే" అన్నది.

బొమ్మల కథలు కూడా మనకు కొత్త కాదు. చేర్యాల పటం చూశారా? పొడుగాటి గుడ్డ మీద ఎర్రటి నేపథ్యం, వరసగా గళ్లు, గడికో సన్నివేశం. పటం విప్పుకుంటూ పాడుతూ కథ చెప్తారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తే, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్తారు. ఎవరి హీరో వాళ్లకు, ఎవరి సృష్టికథ వాళ్లకు.

మా పాలమూరు హీరో పండుగ సాయన్న. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినోడు. మా నాగర్‌కర్నూల్ జిల్లాకే చెందిన, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడేది ఆయన కథలే. సాయన్న కథ నానమ్మ నాకు రెండు రాత్రులు చెప్పింది. రెండో రాత్రి కథ మారింది. అదేంటని అడిగితే, "మా నాయిన గట్ల జెప్తుండె, మా అమ్మ గిట్ల జెప్తుండె" అన్నది.

రెండు బ్రాంచ్‌లు! లోకి కామిక్స్ పోతే ఎక్కడో ఒక సర్వర్‌లో దొరుకుతాయి. నానమ్మ దగ్గరున్న ఈ రెండింటికీ బ్యాకప్ లేదు. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. నలభై నిమిషాలు రికార్డ్ చేశా. విని రాస్తుంటే ప్రతి రెండు లైన్లకూ తెలియని మాట ఒకటి. ఫోన్ చేసి అడుగుతున్నా. "గిది గూడ తెల్వదా" అని తిడుతూనే చెప్తుంది.

ఇప్పటికి పదకొండు ప్యానెల్స్‌కు సరిపడా రాశా. నాకు బొమ్మలు రావు. క్లబ్‌లో గీసేవాళ్లుంటే చెప్పండి. సంక్రాంతికి ఊరికి పోతున్నా, మిగతా కథ అప్పుడు రికార్డ్ చేయాలి.