గురుడి లెక్కలో షష్టిపూర్తి అంటే ఐదేళ్లే

అపోహ: అంగారకుడి మీదికి వెళితే వయసు సగమవుతుంది.

అంకె దాదాపు నిజమే. అంగారకుడు సూర్యుణ్ని ఒక్కసారి చుట్టి రావడానికి మన లెక్కలో 687 రోజులు పడుతుంది. ఇక్కడ అరవై నిండిన మనిషికి అక్కడి సంవత్సరాల్లో 32 కూడా నిండవు. కానీ మోకాళ్లు అరవై ఏళ్లవే, కంట్లో శుక్లాలూ ఆ వయసువే. మనిషి బతికిన 21,915 రోజుల్లో ఒక్కటీ తగ్గలేదు, వాటిని కట్టలు కట్టే తీరు మారిందంతే. పిల్లలకి ఈ రెండో సగం చెప్పకుండా వదిలేయడం అన్యాయం.

అపోహ: వేరే గ్రహాల ఏళ్లు లెక్కపెట్టడం మనకు కొత్త.

ఎంతమాత్రం కాదు. గురుడు సూర్యుణ్ని చుట్టి రావడానికి 11.86 ఏళ్లు, అంటే రాశికి ఇంచుమించు ఒక ఏడాది. గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి పుష్కరాలు. అవి 2003లో వచ్చాయి, మళ్లీ 2015లో వచ్చాయి. ఆ రెంటి నడుమ గడిచింది గురుగ్రహం మీద ఒక్క ఏడాది. "ఆరు గోదావరి పుష్కరాలు చూశానురా" అని నానమ్మ అంటే, అది గురుడి లెక్కలో ఆవిడ వయసు చెప్పడమే. శనికి చుట్టు తిరగడానికి 29.46 ఏళ్లు పడుతుంది. రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర, అదే ఏలినాటి శని. ఫలితాలను నమ్మడం, మానడం ఎవరిష్టం వారిది. ఆ ఏడున్నర మాత్రం ఆకాశాన్ని ఓపిగ్గా చూసి పట్టుకున్న అంకె. అరవై ఏళ్లలో గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేసి, మనం పుట్టినప్పుడున్న చోటికి దాదాపుగా చేరుకుంటారు. షష్టిపూర్తి పీటల మీద కూర్చున్న దంపతులకు ఈ సంగతి ఎవరైనా చెబితే ఎంత బాగుంటుంది!

అపోహ: గ్రహం ఎంత పెద్దదైతే ఏడాది అంత పెద్దది.

గురుడి కంటే శని చిన్నది, దాని ఏడాది మాత్రం రెండున్నర రెట్లు. లెక్కంతా సూర్యుడి నుంచి ఉన్న దూరానిది. దూరం నాలుగు రెట్లయితే ఏడాది ఎనిమిది రెట్లవుతుందని 1619లో కెప్లర్ ప్రకటించిన సూత్రం చెబుతుంది. 1846లో కనుగొన్న నెప్ట్యూన్ ఆ తర్వాత తన మొదటి చుట్టు ముగించింది 2011లో.

అపోహ: శుక్రుడి మీద ఏడాది కంటే రోజే పెద్దది.

ఇది సగమే నిజం. తన చుట్టూ తాను తిరగడానికి శుక్రుడికి 243 రోజులు, ఏడాదికి 225 రోజులు. కానీ ఆ తిరగడం ఎదురు దిశలో కాబట్టి, పొద్దుపొడుపు నుంచి పొద్దుపొడుపుకి 117 రోజులే. ఈ మాట అచ్చంగా సరిపోయేది బుధుడికి. అక్కడ ఏడాది 88 రోజులు, రోజు 176 రోజులు. పొద్దు పొడిచేవేళ పుట్టిన బిడ్డకి తొలి ఏడు నిండేసరికి పొద్దు గుంకుతూ ఉంటుంది.

అపోహ: అంతరిక్షంలో తిరిగొస్తే ఏళ్లకేళ్లు వయసు కలిసొస్తుంది.

2015–16లో వ్యోమగామి స్కాట్ కెల్లీ అంతరిక్ష కేంద్రంలో ఏకబిగిన 340 రోజులున్నారు. కేంద్రం భూమిని చుట్టే వేగానికి కాలం కాస్త నెమ్మదించడం వల్ల ఆయనకు మిగిలింది సెకనులో దాదాపు నూరో వంతు.

శరీరానికి అసలు పేచీ ఏడాదితో కాదు, రోజుతో. 2012లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగాక, దాన్ని నడిపే నాసా బృందం తొలి మూడు నెలలు అక్కడి గడియారం ప్రకారమే పనిచేసింది. అక్కడి రోజు మనకంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. డ్యూటీ రోజూ అంత ఆలస్యంగా మొదలయ్యేది. రెండున్నర వారాలు తిరిగేసరికి పగటి పని కాస్తా రాత్రి పనయ్యేది.