పినపాక కోయ రైతు ఇల్లు: నిర్మాణ రీతి, రక్షణ ప్రశ్న

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలోని జానంపేట పరిసరాలలో బృహత్ శిలాయుగపు రాతి సమాధులు ఉన్నాయి. పెద్ద రాతి పలకలతో కట్టిన ఈ సమాధులకు పురావస్తు చట్టం రక్షణ కల్పించింది. వాటికి కూతవేటు దూరంలోని గూడేలలో వెదురు, మట్టి, ఆకులతో కట్టుకున్న కోయ రైతుల ఇళ్లకు మాత్రం అటువంటి రక్షణ ఏదీ లేదు. ఊరి పేరులోనే పాక ఉన్నప్పటికీ, పాకను కట్టడంగా పరిగణించే దృష్టి మన చట్టాలకు అలవడలేదు.

ఈ ఇంటి నిర్మాణానికి మూలం అడవిలో లభించే చేవ గల కట్టె. పంగ ఉన్న గుంజలను నేలలో పాతి, ఆ పంగలలో దూలాలను కూర్చుతారు. నడుమ ఎత్తుగా నిలిచే నిట్రాడు మీద వెన్నుగర్ర ఆనుతుంది. దాని నుండి రెండు వైపులకు వాసాలు దిగుతాయి. కప్పు బరువును మోసేది ఈ కట్టెల చట్రమే, గోడ మోయదు. గోడ అంటే వెదురు దబ్బలతో అల్లిన తడిక, దానికి ఇరువైపులా మెత్తిన మట్టి, పైన పేడ అలుకు. అందువలన వరద నీరు చేరి మట్టి కరిగిపోయినా చట్రం నిలబడగలుగుతుంది, తడికకు మరల మట్టి మెత్తుకోవచ్చును. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు భద్రాచలం వద్ద నమోదైన గోదావరి తీరాన ఇది చిన్న విషయం కాదు.

తాటాకు లేదా గడ్డి కప్పుకు వాలు ఎక్కువగా ఉంచుతారు. వాలు తక్కువైతే నీరు జారక ఆకు కుళ్లుతుంది. చూరు మనిషి వంగి లోపలికి పోవలసినంత కిందికి దిగుతుంది. కొత్తగా వచ్చిన విస్తరణ అధికారి తల తగిలించుకుని దీనిని లోపంగా భావించవచ్చును గాని, ఆ చూరే మట్టి గోడను వాన జల్లు నుండి, అరుగును వేసవి ఎండ నుండి కాపాడుతుంది.

వ్యవసాయ శాస్త్రానికి అత్యంత సన్నిహితమైన భాగం పొయ్యికి పైన ఉండే అటక. విత్తనం కోసం ఎంచిన మొక్కజొన్న, జొన్న కంకులను అక్కడ వేలాడదీస్తారు. ధాన్యాన్ని వెదురుతో అల్లి పేడమట్టితో మెత్తిన గాదెలలో నిల్వ చేస్తారు. పొయ్యి వేడి గింజలోని తేమను తగ్గిస్తుంది, పొగ పురుగును దూరంగా ఉంచుతుంది. అదే పొగ వాసాలకు, వెదురుకు పట్టి పుప్పిపురుగు బెడదను తగ్గిస్తుంది. వెదురులోని పిండిపదార్థం పుప్పిపురుగుకు ఆహారమన్నది విద్యార్థులు ఎరిగినదే. ఇంటికి మన్నిక, విత్తనానికి మొలక శక్తి ఒకే పొయ్యి నుండి లభిస్తున్నాయి. అయితే ఆ పొగ వంట చేసే స్త్రీ కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుందన్న సంగతిని విస్మరించి ఈ ఇంటిని పొగడడం న్యాయం కాదు.

ఇంగ్లాండు పాత రైతు గృహాలను పరిశీలించినప్పుడు ఈ పోలిక స్పష్టమవుతుంది. అక్కడి మధ్యయుగపు ఇళ్లలో అనేకం ఓక్ కట్టె చట్రం, తడిక మీద మట్టి మెత్తు, గడ్డి కప్పుతో కట్టినవే. పొగగొట్టం లేని ఆ ఇళ్లలో నడిమి పొయ్యి పొగ కప్పు లోపలి గడ్డిని నల్లబరిచింది. పై పొరను మాత్రమే మార్చుతూ వచ్చినందున అడుగున ఉన్న నల్లని పొర కొన్ని ఇళ్లలో శతాబ్దాల పాటు నిలిచింది. జాన్ లెట్స్ అనే పరిశోధకుడు ఆ పొరలోని కంకులను, గింజలను పరిశీలించి మధ్యయుగపు గోధుమ, రై రకాల స్వరూపాన్ని వివరించారు. ఒక ఇంటి కప్పు పంటల చరిత్రకు భాండాగారమైంది.

1990 నాటి చట్టం ప్రకారం ఆ దేశంలో జాబితాకు ఎక్కిన భవనంలో దాని స్వభావాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేయడం నేరం. 1700కు ముందు కట్టబడి, దాదాపు అసలు రూపంలో మిగిలిన ఇళ్లన్నీ జాబితాకు అర్హమైనవే. కప్పు గడ్డిని ఎన్నిసార్లు మార్చినా ఆ అర్హత పోదు. కెంట్ ప్రాంతంలోని బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు గృహం ఉన్న చోట జలాశయం నిర్మించవలసి వచ్చినప్పుడు, దానిని కట్టె కట్టెగా విప్పి ససెక్స్‌లోని ఆరుబయలు ప్రదర్శనశాలలో తిరిగి నిలబెట్టారు. పోలవరం ముంపు మండలాల కోయ, కొండరెడ్డి ఇళ్లను తలచుకున్నప్పుడు ఈ ఉదాహరణ కొంత బాధ కలిగించక మానదు.

మన 1958 చట్టం ప్రాచీన కట్టడానికి కనీసం నూరేళ్ల వయస్సును నిర్దేశించింది. కొన్నేళ్లకొకసారి ఆకు మార్చి, పుచ్చిన గుంజను తీసి కొత్తది పాతే ఇంటికి వయస్సును ఎక్కడి నుండి లెక్కించాలి? ఇక్కడ పాతది వస్తువు కాదు, కట్టే తీరు. 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం పరిధి విశాలమైనదే అయినా, దాని కింద గూడెం ఇంటిని ఊహించడం కష్టమే.

ఇంగ్లాండు పద్ధతిని యథాతథంగా దింపుకోవడం కూడా సరికాదు. ఏటా కప్పు మరమ్మతు, నిప్పు భయం, పాము భయం ఎరిగిన కుటుంబం పక్కా ఇల్లు కోరితే, వారసత్వం పేరుతో దానిని కాదనే అధికారం ఎవరికీ ఉండరాదు. పైగా పాత ఇల్లు నిలవాలంటే వెదురు, కలప అందాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది గాని, గుంజలకు కావలసిన కలప దాని కిందికి రాదు. కాబట్టి ఇంటి ప్రశ్న అడవి ప్రశ్నతో ముడిపడి ఉంది.

విస్తరణ శాస్త్రవేత్తల పని ఇక్కడ మొదలవుతుంది. కాంక్రీటు కప్పు కింద అటక లేదు, గ్యాసు పొయ్యికి పొగ లేదు. విత్తనం ప్లాస్టిక్ సంచిలోకి చేరి, వేసవిలో స్లాబు వేడికి, వానాకాలంలో తేమకు గురవుతుంది. అటువంటి ఇళ్లలో సొంత విత్తనం ఎంత కాలం నిలుస్తున్నదో, మొలక శాతం ఎలా మారుతున్నదో పాత అటకతో పోల్చి కొలవవచ్చును. కొత్త ఇంటి పెరటిలో చిన్న తడిక పాకను నిలిపి, గాదెను, విత్తనపు కంకులను అందులో ఉంచడం ఒక మార్గం. మిగిలిన పాత ఇళ్ల కొలతలు, కట్టెల జాతులు, ముడుల తీరు, అటక మీది విత్తనాల పేర్లను గూడెం పెద్దల సమ్మతితో నమోదు చేయడానికి ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. వర్షాలకు ముందు కప్పు విప్పే రోజులు ఇందుకు అనువైనవి. చట్రమంతా అప్పుడే కంటికి కనబడుతుంది.