తివాచీ ఆయుర్దాయము

ఏలూరి తివాచీ నేతగాడు పడుగుదారములపై ఒక్కొక్క ఉన్నిముడి వేసి, కొసను కత్తిరించి, వరుసపై వరుస పేర్చును. వరంగల్లు తివాచీ 1851లో లండను మహాప్రదర్శనమున చూపరుల కన్నులకు విందు చేసినది. అట్టి నెలల శ్రమను ఇంటిలో మెల్లగా హరించునది ధూళి.

కాళ్లతో వచ్చిన ఇసుకరేణువులు ఉన్నికుచ్చుల నడుమ జారి ముడుల మొదట చేరును. పైన నడచినపుడెల్ల వాని పదునైన అంచులు నూలును కోయుచుండును. పైకి శుభ్రముగా కనబడు తివాచీయే అడుగున అరిగిపోవును. కావున ప్రతిదినము కుచ్చు వాలిన దిశగా మెత్తని చీపురుతో ఊడ్వవలెను. అప్పుడప్పుడు బోర్లించి, వెనుకవైపున బెత్తముతో మెల్లగా తట్టినచో ఇసుక రాలిపోవును.

ఉన్ని మన వెండ్రుకవలె మాంసకృత్తుతో ఏర్పడినది. అందుచేతనే చిమ్మెట పురుగులు దానిని తినును; చాకలిసోడా, సలసల కాగిన నీరు దానిని చెఱచును. కాఫీ ఒలికినచో రుద్దరాదు. పొడిగుడ్డతో అద్ది, చల్లని నీటితో కొంచెము తడిపి, మరల అద్దవలెను. తడి ఆరనిచో అడుగున బూజు పట్టును. బల్లల క్రింది చీకటి మూలలు పురుగులకు నెలవులు. తివాచీని తరచు కదల్చి గాలి తగులనీయవలెను. ఎండలో ఎక్కువసేపు ఉంచినచో రంగు వెలియును. దాచునపుడు మడవక, చుట్టి పెట్టవలెను.

వీనికన్నిటికిని ముందుగా చేయదగినది మన పెద్దలకు అలవాటైన పనియే. వాకిట కాళ్లు కడిగికొని, తుడుచుకొని లోనికి వచ్చు బాలుడు నేతగాని ముడులకు తొలి కాపరి.