చౌక స్మార్ట్ వాచీ: కొందామా? వద్దా?

ఒకప్పుడు గడియారం ఊళ్లో ఏ ఒకరిద్దరి ఇళ్లలోనో ఉండేది. మిగతావాళ్లు పొద్దును చూసి వేళ చెప్పుకునేవాళ్లు. తర్వాత గడియారం చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ చేతి గడియారమే మారిపోయింది. దానికి ముళ్లు లేవు. చిన్న టీవీ లాంటి అద్దం ఉంది. దాన్ని స్మార్ట్ వాచీ అంటున్నారు.

సెల్‌ఫోన్ల దుకాణంలో ఇవి దొరుకుతున్నాయి. ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతున్నాయి. 1,000 నుంచి 2,000 రూపాయల లోపు చాలా రకాలు ఉన్నాయి. పట్నంలో పనిచేసే కొడుకు పండక్కి వస్తూ అమ్మకు ఒకటి తెస్తాడు. చదువుకునే కూతురు తనకూ ఒకటి కావాలంటుంది. "ఇది గుండె చూస్తుంది, బీపీ చూస్తుంది, షుగరు కూడా చూస్తుంది" అని అమ్మేవాడు చెబుతాడు.

ఇందులో నిజమెంత? డబ్బు పెట్టే ముందే తెలుసుకోవాలి.

ఇది ఎలా పని చేస్తుంది?

వాచీని తిప్పి చూడండి. అడుగున ఆకుపచ్చ దీపం మినుకు మినుకుమంటుంది. ఆ వెలుగు చర్మం లోపలికి పోతుంది. లోపల ఉన్న రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగుతుంది. అప్పుడు తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది. తర్వాత మళ్లీ పెరుగుతుంది. దీపం పక్కనే ఒక చిన్న కన్ను ఉంటుంది. అది ఈ హెచ్చుతగ్గులను లెక్కపెడుతుంది. అదే నాడి లెక్క.

నడకను లెక్కపెట్టడానికి లోపల ఇంకో పరికరం ఉంటుంది. అది చేతి ఊపును గుర్తిస్తుంది. చెయ్యి ఊగితే అడుగు వేసినట్టు లెక్క. అందుకే బట్టలు ఉతికినా కొన్ని అడుగులు ఎక్కుతాయి. తల మీద బిందె పెట్టుకుని, ఆ చేత్తోనే పట్టుకుని నడిస్తే కొన్ని అడుగులు ఎక్కవు. చెయ్యి కదలదు గదా!

ఈ వాచీ ఒక్కటే ఉంటే చాలదు. టచ్ ఫోను కూడా కావాలి. ఫోనులో యాప్ వేసి, బ్లూటూత్‌తో రెంటినీ కలపాలి. బటన్ల ఫోను మాత్రమే ఉన్నవాళ్లకు ఈ వాచీ పెద్దగా పనికిరాదు.

దీనివల్ల మంచి ఏమిటి?

టైము తెలుస్తుంది. చీకట్లో కూడా కనిపిస్తుంది. మందు బిళ్లలు వేసుకునే వేళకు అలారం పెట్టుకోవచ్చు. ఫోను సంచిలో ఉన్నా, మోగితే వాచీ చేతి మీద వణుకుతుంది. మిషన్ల చప్పుడులో పనిచేసేవాళ్లకు ఇది ఉపయోగం. చెవులు సరిగా వినపడని వాళ్లకు మరీ ఉపయోగం.

నడక లెక్క అచ్చంగా సరిపోకపోయినా ఫరవాలేదు. నిన్నటి కంటే ఈరోజు ఎక్కువ నడిచామా, తక్కువ నడిచామా అన్నది తెలుస్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు మెల్లగా కొట్టుకునే నాడిని కూడా చాలా వాచీలు దాదాపు సరిగానే చెబుతాయి.

బీపీ, షుగరు మాటేమిటి?

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఇది ప్రాణాలతో పని.

ఆసుపత్రిలో బీపీ ఎలా చూస్తారు? జబ్బకు పట్టీ చుడతారు. గాలి కొట్టి బిగిస్తారు. రక్తం ఆగేంత వరకు బిగించి, మెల్లగా వదులుతారు. అప్పుడు అంకె తెలుస్తుంది. చౌక వాచీ చేతిని బిగించదు. దీపం వెలుగును బట్టి ఏదో ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనాను నమ్మి మందు మార్చకూడదు.

షుగరు చూడాలంటే రక్తపు చుక్క కావాలి. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. దాని పేరు ఎఫ్.డి.ఏ. అది 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. చర్మానికి సూది తగలకుండా షుగరు చెబుతామనే వాచీలను, ఉంగరాలను వాడవద్దని చెప్పింది. అలాంటి దేనికీ తాను అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది.

కొందరు షుగరు రోగులు సన్నని సూది ఉన్న బిళ్లను జబ్బకు అంటించుకుంటారు. ఆ బిళ్ల చూపే అంకె ఫోనులోనో వాచీలోనో కనిపిస్తుంది. అది వేరు. అక్కడ షుగరు చూసేది బిళ్ల, వాచీ కాదు.

ఒక అక్కకు బీపీ ఉందనుకుందాం. రోజూ బిళ్ల వేసుకుంటోంది. వాచీ కట్టుకుంది. రోజూ 120/80 అని చూపిస్తోంది. "నాకు తగ్గిపోయింది" అని బిళ్ల మానేసింది. బీపీ పెరిగినా చాలామందికి బయటికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. ఒకరోజు పక్షవాతం వస్తుంది. కాలూ చెయ్యీ పడిపోతాయి. అప్పుడు వాచీ కొన్న డబ్బు గురించి ఎవరు ఆలోచిస్తారు?

షుగరు విషయంలో రెండు వైపులా ప్రమాదమే. వాచీ తక్కువ చూపితే, ఆ అక్క మందు మానేస్తుంది. షుగరు పెరిగిపోతుంది. వాచీ ఎక్కువ చూపితే, మందు ఎక్కువ వేసుకుంటుంది. షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుంది.

గుండెలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా వాచీని చూస్తూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

ఒక చిన్న పరీక్ష

తువ్వాలును గట్టిగా చుట్టండి. దానికి వాచీ కట్టండి. బీపీ చూడమని నొక్కండి. కొన్ని వాచీలు తువ్వాలుకు కూడా బీపీ చూపిస్తాయి! తువ్వాలుకు గుండె ఉంటుందా? రక్తం ఉంటుందా? అలాంటి వాచీ చెప్పే బీపీని ఎలా నమ్మడం? అయితే, తువ్వాలుకు అంకె చూపలేదు కాబట్టి ఇది మంచిదే అనుకోవడం కూడా తప్పే.

నాడి లెక్క కూడా ఒక్కోసారి తప్పుతుంది. వాచీ వదులుగా ఉంటే తప్పుతుంది. గాజులు అడ్డం వచ్చి వాచీ పైకి లేచినా తప్పుతుంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే, దాని రంగు వెలుగును అడ్డుకుంటుంది.

నాడి చూసుకోవడానికి వాచీయే అక్కర్లేదు. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి మణికట్టు మీద, బొటనవేలి వైపున ఆనించండి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టండి. దాన్ని రెట్టింపు చెయ్యండి. 38 వచ్చిందనుకోండి. 38, 38 కలిపితే 76. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉండవచ్చు.

ఇంకా ఏ ఇబ్బందులు ఉన్నాయి?

కొన్ని చౌక వాచీల్లో తెలుగు అక్షరాలు రావు. తెలుగులో వచ్చిన మెసేజి గడులు గడులుగా కనిపిస్తుంది. తెలుగు ఒక్కటే చదవగలిగిన వాళ్లకు ఆ వాచీ మూగదే.

ఫోనుకు వచ్చే ఓటీపీ వాచీ మీద కూడా కనిపిస్తుంది. పక్కనున్న వాళ్లు చూడవచ్చు. యాప్ కూడా ఫోనులోని నంబర్లు చూస్తాను, మీరు ఎక్కడున్నారో చూస్తాను అని అడుగుతుంది. అన్నింటికీ "సరే" నొక్కకూడదు.

వాన చినుకులకు తట్టుకునేది సబ్బు నీళ్లకూ, వేడి నీళ్లకూ తట్టుకోకపోవచ్చు. బ్యాటరీ పాడైతే కొత్తది వేయడం కష్టం. చాలాసార్లు వాచీని పారేయాల్సిందే. బ్యాటరీ ఉబ్బినా, వాచీ బాగా వేడెక్కినా వెంటనే తీసేయాలి. మళ్లీ ఛార్జింగు పెట్టకూడదు.

కొనాలనుకుంటే

1. ఎందుకు కొంటున్నామో ముందు అనుకోవాలి. టైముకా? నడకకా? ఫోను కోసమా? బీపీ, షుగరు కోసమైతే కొనవద్దు.
2. మన ఫోనుతో కలుస్తుందో లేదో దుకాణంలోనే చూడాలి.
3. తెలుగు మెసేజి ఒకటి పంపించి, వాచీలో చదివి చూడాలి.
4. పెట్టె మీద ధర, తయారు చేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదు నంబరు ఉన్నాయా అని చదవాలి. బి.ఐ.ఎస్. గుర్తు, "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉన్నాయేమో చూడాలి.
5. బిల్లు అడగాలి. వారంటీ కాగితం మీద తేదీ, దుకాణం ముద్ర వేయించుకోవాలి.
6. పెద్ద కంపెనీ వాచీని పోలిన నకిలీలు ఉంటాయి. పేరులో ఒక్క అక్షరం మారుతుంది. కూడబలుక్కుని అయినా సరే, పేరు పూర్తిగా చదవాలి.

మోసపోతే ఏం చెయ్యాలి?

ఊరుకోకూడదు. మొదట దుకాణంలో అడగాలి. వాళ్లు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోను చెయ్యాలి. అది వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ హక్కు ఇచ్చింది. కొన్న వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లు ఉంటే మన మాటకు బలం ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

బీపీ చూసుకోవడానికి 1,500 రూపాయల వాచీ అక్కర్లేదు. ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. 30 ఏళ్లు దాటిన వాళ్లందరూ చూపించుకోవాలి. పై అంకె 140, కింది అంకె 90 లేదా అంతకన్నా ఎక్కువ మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరును కలవాలి.

ఇంటి దగ్గరే చూసుకోవాలంటే జబ్బకు కట్టే బీపీ మిషను మేలు. సుమారు 2,000 రూపాయలకు వస్తుంది. సంఘంలో 10 మంది కలిస్తే మనిషికి 200 రూపాయలు. పదిళ్లకూ పనికొస్తుంది. కొన్న తర్వాత దాన్ని ఉపకేంద్రానికి తీసుకెళ్లి, అక్కడి మిషనుతో సరిచూసుకోవాలి.

స్మార్ట్ వాచీ చెడ్డది కాదు. టైము చూసుకోవచ్చు, నడక చూసుకోవచ్చు. కానీ అది డాక్టరు కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఎవరికైనా స్మార్ట్ వాచీ ఉందా? దాన్ని దేనికి వాడుతున్నారు?
2. బీపీ బిళ్లలు మధ్యలో మానేసిన వాళ్లు ఉన్నారా? ఎందుకు మానేశారు?
3. పక్కనున్న అక్క నాడిని 30 సెకన్లు లెక్కపెట్టండి. రెట్టింపు చేసి పలక మీద రాయండి.