ఇస్లామీయ చింతనలో విశ్వాసము, సంస్కృతి, నాగరికతా పునరుద్ధరణము

నాగావళీనది రాయగడ మీదుగా ప్రవహించి, ఆంధ్రదేశమున ప్రవేశించి, శ్రీకాకుళపట్టణమును తాకి సముద్రమున కలియుచున్నది. ఆ శ్రీకాకుళమునందు గోలకొండ సుల్తానుల ఫౌజుదారగు షేర్ మహమ్మదు ఖాను 17వ శతాబ్దమున కట్టించిన జామియా మసీదు నేటికిని కలదు. కోరాపుట్ ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినదే. అందుండి రాయగడ 1992 అక్టోబరు 2వ తేదీన ప్రత్యేక జిల్లా అయినది. కావున ఇచ్చటి తెలుగువారికి ఇస్లాము దూరదేశపు వార్త కాదు. అయినను నాగరికతల ఉత్థానపతనములను గూర్చి ఆ మతానుయాయులగు విద్వాంసులు చేసిన విచారము తెలుగు పాఠకులలో పెక్కుమందికి పరిచితము కాదు. ఒక జాతి క్షీణించినప్పుడు దానిని మరల లేవనెత్తునది ధనమా, అధికారమా, పూర్వవైభవ స్మరణమా, లేక వేఱొకటియా? ఈ ప్రశ్న ఒక మతమువారికి మాత్రమే సంబంధించినది కాదు. అన్యభాషా రాష్ట్రమున తన భాషను నిలుపుకొనగోరు ప్రతి సమాజమునకును సంబంధించినది.

మూడు తరముల సిద్ధాంతము

ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో విచారించినవారిలో ఇబ్న్ ఖల్దూన్ అగ్రగణ్యుడు. ఈయన 1332లో ట్యూనిస్ నగరమున జన్మించి 1406లో కైరోనగరమున మరణించెను. 1377లో, నేటి అల్జీరియా దేశమునందలి ఒక కోటలో ఏకాంతముగా నుండి ‘ముఖద్దిమా’ యను గ్రంథమును వ్రాసెను. రాజుల పేరులను, యుద్ధముల కాలములను చెప్పుటతో చరిత్ర ముగియదనియు, మానవసంఘము వృద్ధిక్షయములకు కారణములను వెదకవలెననియు ఆయన అభిప్రాయము.

సంఘమును నిలుపు శక్తికి ఆయన వాడిన పదము ‘అసబియ్య’. ఒకరి కష్టమునకు వేఱొకరు నిలబడునట్టి అంతరంగ బంధమని దానికి అర్థము చెప్పవచ్చును. రక్తసంబంధము దానికి మొదటి ఆధారము. కాని రక్తసంబంధమునందు అసూయయు, స్పర్ధయు కూడ నుండును. మతవిశ్వాసము ఆ దోషములను తగ్గించి, అందఱి దృష్టిని ఒకే లక్ష్యముపై నిలుపునని ఆయన వివరించెను. భోగలాలసత్వము పెరిగినకొలది ఆ బంధము సడలును. రాజవంశముల ఆయుర్దాయము సామాన్యముగా మూడు తరములనియు, తరమునకు 40 ఏండ్ల చొప్పున 120 ఏండ్లు దాటుట అరుదనియు ఆయన లెక్క.

రాజవంశములను గూర్చిన ఈ మాట వలసవచ్చిన కుటుంబములకును, సరిహద్దు మారుటచే అల్పసంఖ్యాకులైనవారికిని చాలవఱకు అన్వయించును. మొదటి తరమువారు భాషను, ఆచారములను పట్టుదలతో కాపాడుకొందురు. రెండవ తరమువారు వానిని ఇంటివఱకు పరిమితము చేయుదురు. మూడవ తరమువారికి అవి పండుగనాటి జ్ఞాపకములుగా మిగులును.

పునరుద్ధరణమన నేమి?

క్షయమునకు విఱుగుడుగా ఇస్లామీయ సంప్రదాయమున ‘తజ్దీద్’ అను భావన కలదు. మూలమును విడువక, దానిపై పేరుకొనిన మాలిన్యమును తొలగించి క్రొత్తదనము తెచ్చుట దీని అర్థము. ప్రతి శతాబ్దమునను ఒక పునరుద్ధారకుడు వచ్చునను విశ్వాసము ఆ సంప్రదాయమున ప్రసిద్ధము.

భారతదేశమున ఈ భావనకు కార్యరూపము నిచ్చినవారిలో ఢిల్లీ వాస్తవ్యుడు షా వలీయుల్లా (1703–1762) ముఖ్యుడు. మొగలు సామ్రాజ్యము శిథిలమగుచున్న కాలమది. చదువుకొన్నవారు సైతము ధర్మగ్రంథమును వినుచుండిరే కాని అర్థము తెలిసికొనుట లేదని గ్రహించి, ఆయన 1738 ప్రాంతమున ఖురానును నాటి విద్యావంతుల వాడుకభాషయగు పారసీకమునకు పరివర్తించెను. ఆయన కుమారులు ఆ శతాబ్దము ముగియులోగా ఉర్దూ అనువాదములు చేసిరి. అర్థము తెలియని విశ్వాసము నడవడిని మార్చజాలదనునది ఆ కుటుంబము చూపిన మార్గము.

మఱొక మెట్టు మహమ్మదు ఇక్బాలు (1877–1938) ఎక్కెను. ఈయన 1929 జనవరిలో మద్రాసునకు వచ్చి మతచింతన పునర్నిర్మాణమును గూర్చి ఉపన్యాసము లిచ్చెను. ఆనాటికి కోరాపుట్ సైతము మద్రాసు రాజధానిలోనిదే. 1930లో గ్రంథరూపమున వెలువడిన ఆ ఉపన్యాససంపుటిలో ‘ఇజ్తిహాద్’ను, అనగా స్వతంత్ర విచారముచే ధర్మనిర్ణయము చేయుటను, ఇస్లాము నిర్మాణమునందలి చలనసూత్రమని ఆయన ప్రతిపాదించెను. శాశ్వతమైన మూలమును, మార్పునందు వచ్చు జీవితమును సమన్వయింపలేని సమాజము కదలిక లేనిదగునని ఆయన తర్కము.

మాలిక్ బెన్నబీ విశ్లేషణము

అల్జీరియా దేశీయుడగు మాలిక్ బెన్నబీ (1905–1973) ఈ విచారమును నేటి కాలమునకు తెచ్చెను. 1949లో ప్రకటితమైన ఆయన గ్రంథము నవోదయమునకు కావలసిన పరిస్థితులను చర్చించును. నాగరికతకు మూడు మూలద్రవ్యములు: మనుష్యుడు, నేల, కాలము. ఈ మూడును ఏ దేశమునందైనను కలవు. అయినను అన్ని దేశములును ఉన్నతిలో లేవు. వానిని కలుపు సంయోజకము మతభావనయే యని ఆయన సిద్ధాంతము. బాహ్యస్థితి మారవలెనన్న ముందు అంతరంగము మారవలెనను ఖురాను బోధయే ఆయనకు ఆధారము. పరాధీనతకు పాలకులను మాత్రమే నిందించుట చాలదనియు, లొంగుటకు సిద్ధమైన మనస్తత్వము కూడ కారణమనియు ఆయన నిర్భయముగా పలికెను.

పరదేశపు వస్తువులను ప్రోగుచేసినంత మాత్రమున నాగరికత రాదు. గడియారమును కొనవచ్చును. కాలమును పాటించు అలవాటును కొనజాలము. సంస్కృతి యనునది పాఠశాలలో నేర్పు విద్యకంటె విశాలమైనదనియు, పుట్టినది మొదలు మనుష్యుని చుట్టుకొని యుండు వాతావరణమనియు బెన్నబీ నిర్వచించెను. నైతిక నియమము, సౌందర్యదృష్టి, కార్యకుశలమైన తర్కము, వృత్తినైపుణ్యము అను నాలుగు అంగములు దానికి కలవు. ఒకే సంఘమునందలి వైద్యునకును గొఱ్ఱెలకాపరికిని విద్యలో భేదమున్నను నడవడిలో పోలిక యుండును. ఒకే వైద్యవిద్య నేర్చినను వేఱువేఱు సంఘములవారి నడవడి వేఱుగా నుండును.

తెలుగునాట నిదర్శనములు

విశ్వాసము ఒక దేశభాషలో వేళ్లూనినప్పుడు కలుగు ఫలమునకు తెలుగు సాహిత్యమే సాక్షి. పొన్నికంటి తెలగన తన అచ్చతెలుగు కావ్యమగు ‘యయాతి చరిత్ర’ను గోలకొండ అధికారియగు అమీన్‌ఖానునకు అంకిత మిచ్చెను. పిఠాపురవాసియగు ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ గురుపీఠమునకు అధిపతియై యుండియు, తెలుగున పద్యకావ్యములు, నాటకములు, నవలలు వ్రాసి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెలుగు చేసెను. ‘ఆంధ్రభాషా చరిత్రము’ (1937) రచించిన చిలుకూరి నారాయణరావు నాగావళి దిగువనున్న శ్రీకాకుళప్రాంతమునకు చెందినవాడు. హిందువయ్యును ఖురానును తెలుగున కనువదించిన కీర్తి ఆయనది. వలీయుల్లా పారసీకమున చేసినదానినే ఈయన తెలుగున చేసెను.

జయపుర సంస్థానాధిపతియగు విక్రమదేవవర్మ (1869–1951) కొండదేశపు సంపదనుండి ఏటేట లక్షరూపాయలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు విరాళ మిచ్చెను. బెన్నబీ మాటలలో చెప్పవలెనన్న, నేల ఇచ్చిన ధనము మనుష్యుని తీర్చిదిద్దు విద్యగా మాఱిన సందర్భమిది.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభించు సౌకర్యమును కలిగింప రాష్ట్రములను ఆదేశించుచున్నది. కాని శాసనము పాఠశాలను ఈయగలదే గాని వాతావరణమును ఈయలేదు. కోరాపుట్‌నందును రాయగడయందును తెలుగు వాచకమును తప్పులేక చదువు బాలుడు ఇంటికి పోయి తల్లితో ఆ భాషలో మాటాడనిచో, అతనికి తెలుగు విద్యయే కాని సంస్కృతి కాదు. పూర్వవైభవమును సభలలో వర్ణించుటవలన ఈ లోపము తీరదు. పెద్దలు తాము విలువైనదిగా నమ్మినదానిని దినదినము ఆచరించుచు, దాని అర్థమును పిల్లలకు వారి భాషలో విప్పి చెప్పినచో మూడవ తరము సైతము దానిని తనదిగా స్వీకరించును. ఇబ్న్ ఖల్దూన్ మొదలు బెన్నబీ వఱకు గల ఆలోచనాపరులు ఏ మతమువారికైనను, ఏ భాషవారికైనను అందించిన హితవు ఇదియే.