తీరా వేళకు బ్యాటరీ అయిపోతే!

ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందని మా అమ్మ నమ్మకం. అంచేత ఎనభై రెండేళ్లు వచ్చేదాకా ఆవిడ ఏ కెమెరా ముందూ కుదురుగా కూర్చోలేదు. ఎవరైనా బలవంతం చేస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. అటువంటి మనిషి, 2007లో మా చెల్లెలి కూతురి పెళ్లినాడు, మనవరాలికి అక్షింతలు వేసి, తనంతట తానే పక్క కుర్చీలో కూర్చుని, "ఏరా, ఆ కెమెరా కొన్నావు గదా, మా యిద్దరికీ ఓ ఫొటో తియ్యి" అంది.

నేను మహా సంబరంగా కెమెరా ఎత్తాను. తెరమీద ఎర్రబొమ్మ రెండుసార్లు మిణుకుమంది. బయటికి వచ్చిన లెన్సు తాబేలు తలలాగా లోపలికి ముడుచుకుపోయింది. అంతే! ఎన్నిసార్లు మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెళ్లికి కుదుర్చుకున్న ఫొటోగ్రాఫరు అప్పుడే భోజనాల బంతిలో కూర్చున్నాడు. నేను పరుగున వెళ్లి అతన్ని పిలుచుకు వచ్చేసరికి అమ్మ లేచిపోయింది. "పోనిద్దూ నాయనా, నా మొహానికి ఫొటో ఒకటి తక్కువా?" అని నవ్వింది. ఆ తరవాత ఎంత బతిమాలినా కూర్చోలేదు. మరుసటి మాఘమాసంలో ఆవిడ వెళ్లిపోయింది.

తప్పు కెమెరాది కాదు, బ్యాటరీదీ కాదు. నాదే. ఆ ముందురోజు రాత్రి మా ఆవిడ, "ఛార్జికి పెట్టకూడదూ?" అని అడిగింది. మూడోవంతు శక్తి యింకా వుంది. "పూర్తిగా అయిపోకుండా ఛార్జి పెడితే బ్యాటరీ చెడిపోతుందే పిచ్చిదానా!" అని నేను ఉపన్యాసం యిచ్చాను. కెమెరా అమ్మిన కుర్రవాడు అలాగే చెప్పాడు. అంతకు ముందు నేను వాడిన గెడ్డం గీసుకునే మిషను బ్యాటరీకీ అదే మాట విన్నాను. రెండుచోట్ల విన్నమాట నిజం కాక ఏమవుతుంది?

నిజమే లెండి, కాని అది వేరే బ్యాటరీకి నిజం.

వెనకటి బ్యాటరీలు నికెల్, కాడ్మియం అనే లోహాలతో చేసినవి. 1975లో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాలో అటువంటివి 16 వుండేవి. ఆ కెమెరా మూడున్నర కిలోల పైచిలుకు బరువు. ఒక్క బొమ్మను టేపుమీదకు ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. ఈ జాతి బ్యాటరీకి ఒక దుర్గుణం వుంది. అస్తమానం సగంలోనే ఆపి ఛార్జి చేస్తూ వుంటే, ఆ సగమే తన శక్తి అన్నట్టు ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అందుకే పూర్తిగా ఖాళీచేసి నింపమని పెద్దలు చెప్పారు.

తరవాత లిథియం అయాన్ బ్యాటరీ వచ్చింది. సోనీ కంపెనీ 1991లో దీన్ని బజారులోకి తెచ్చింది. దీని వెనక పనిచేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవారందరిలోకీ ఆయనే పెద్ద. నా కెమెరాలో వున్నది ఈ జాతి బ్యాటరీయే. దీనికి వెనకటి దుర్గుణం లేదు. పైపెచ్చు పూర్తిగా ఖాళీ చెయ్యడమే దీనికి కష్టం. సగంలో వున్నప్పుడు నింపుకున్నా ఏమీ అనుకోదు. సగం చొప్పున రెండుసార్లు నింపితే, నిండా ఒకసారి నింపినట్టే లెక్క. అంటే ఆ రాత్రి నేను ఛార్జికి పెట్టివుంటే నష్టం పిసరంత కూడా లేదు!

"సరే, రాత్రల్లా అలా వదిలేస్తే పేలదా?" అని మా ఆవిడ అడిగింది. మీరూ అడుగుతారు. మంచి ఛార్జరు తెలివిగలది. బిందె ఖాళీగా వున్నప్పుడు కుళాయి ధారాళంగా తిప్పుతాం, నిండవస్తూంటే సన్నం చేస్తాం గదా? అదీ అంతే. మొదట గబగబా నింపి, చివర నెమ్మదించి, నిండగానే ఆపేస్తుంది. అంచేత తొందర ప్రయాణంలో కొద్దిసేపు పెట్టినా చాలాభాగం నిండుతుంది. మిగిలిన కొసరుకే ఎక్కువసేపు పడుతుంది. అయితే పేరూ ఊరూ లేని చవక బ్యాటరీల్లో, ఛార్జర్లలో ఈ రక్షణ ఏర్పాట్లు సరిగా వుంటాయన్న నమ్మకం లేదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా నికరమైనవే కొనుక్కోవాలి.

దీనికి అసలు శత్రువు వేడి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో మూసిపెట్టిన కారులో కెమెరా వదిలి భోజనానికి వెళితే, అందులోనూ బ్యాటరీ నిండుగా వుంటే, దాని ఆయుష్షు తరగడం ఖాయం. ఫొటోవల్ల మనిషి ఆయుష్షు తరగదు గాని, వేడివల్ల బ్యాటరీ ఆయుష్షు తప్పక తరుగుతుంది! చలి సంగతి వేరు. బదరీనాథ్ వంటి యాత్రల్లో బ్యాటరీ ఉన్నట్టుండి నీరసిస్తుంది. బెంగపడనక్కరలేదు. దాన్ని తీసి చొక్కా లోపలిజేబులో కాసేపు వుంచితే ఒంటి వెచ్చదనానికి మళ్లీ తేరుకుంటుంది.

మనలో చాలామంది కెమెరాను పెళ్లికో పేరంటానికో బయటికి తీసి, మిగతా కాలం బీరువాలో పట్టుచీరల పక్కన దాచుతారు. అలా దాచేటప్పుడు బ్యాటరీని కెమెరాలోనుంచి తీసి, సగం ఛార్జితో, చల్లని పొడిచోట పెట్టాలి. నిండుగా పెట్టినా ముసలిదవుతుంది. ఖాళీగా పెడితే మరీ ప్రమాదం. ఊరికే వున్నా కొద్దికొద్దిగా శక్తి కారిపోతూనే వుంటుంది. బొత్తిగా అడుగంటితే, మళ్లీ ఛార్జరు దాన్ని ముట్టుకోదు. రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకోవడం మంచిది. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఇక వాడకండి. పొడవకండి, చెత్తబుట్టలో వెయ్యకండి. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేచోట అప్పగించండి.

మరి డబ్బామీద "300 ఫొటోలు" అని వేస్తారు, మనకు అన్ని రావేమి? జపానులోని కెమెరా తయారీదార్ల సంఘం ఒక లెక్క పెట్టింది. 23 డిగ్రీల వేడిలో, అర నిముషానికొక ఫొటో, రెండింటికొకసారి ఫ్లాష్, పదింటికొకసారి కెమెరా ఆపి మళ్లీ తెరవడం. పెళ్లివారింట్లో ఈ లెక్క ఎవరు పాటిస్తారు? తీసిన ప్రతి బొమ్మనూ పదిమందికి తెరమీద చూపించడంలోనే సగం శక్తి హరించిపోతుంది! ఆనాడు నేను చేసిన రెండో తప్పు అదే. అద్దం లేని కొత్తరకం కెమెరాల్లో తెరగాని, కంటిదగ్గరి చిన్నతెరగాని ఎప్పుడూ వెలుగుతూనే వుంటుంది గనుక, వాటికి ఆకలి మరీ ఎక్కువ. వీడియో తీస్తే చెప్పనే అక్కరలేదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవారికి ఒక్కమాట. విడి బ్యాటరీలు పెద్దపెట్టెలో పెట్టి విమానం కింద వెయ్యకూడదు. కొసలు తగలకుండా విడివిడిగా తొడుగుల్లో పెట్టి, చేతిసంచీలో వెంట తీసుకువెళ్లాలి.

ఇప్పుడు మా యింట్లో రెండు బ్యాటరీలున్నాయి. ఒకదానిమీద 1 అనీ, రెండోదానిమీద 2 అనీ మా ఆవిడ అంకెలు వేసింది. శుభకార్యానికి ముందురోజు రాత్రి రెండూ నింపడం ఆవిడ వంతు. ఉపన్యాసాలు ఇవ్వకుండా ఊరుకోవడం నా వంతు.

ఆనాటి పెళ్లి ఆల్బములో, బ్యాటరీ చచ్చిపోయేముందు నేను తీసిన ఆఖరి ఫొటో ఒకటుంది. పెళ్లికూతురు ఒక్కతే తల వంచుకుని నవ్వుతోంది. ఆ పిల్ల తలమీద అక్షింతలు పట్టుకున్న ముడతల చెయ్యి, మణికట్టు దాకా మాత్రం పడింది. ఇంటికి వచ్చినవాళ్లు "ఎవరిదండీ ఈ చెయ్యి?" అని అడుగుతూ వుంటారు.

మా అమ్మది. మాకున్నది అంతే.